1968 ఆగస్టు నాటి ప్రాగ్ రేడియో రికార్డింగులను వినే పద్ధతి

ముందుగా ఒక్కో భాగం ఏ గంటకు ప్రసారమైందో రాసిపెట్టుకోండి. ఎందుకంటే సోవియట్ యూనియన్ నాయకత్వంలోని వార్సా సైనిక ఒప్పంద సేనలు చెకోస్లొవేకియాలోకి చొరబడిన ఆగస్టు 21న, తెల్లవారకముందే, ఆ దాడిని ఖండిస్తూ అక్కడి పాలక కమ్యూనిస్టు పార్టీ అధ్యక్షవర్గం చేసిన ప్రకటనను చదువుతుండగానే ట్రాన్స్‌మిటర్లను ఆపించారు. ఆ నిశ్శబ్దం ఎక్కడ మొదలైందో తప్పక గుర్తించండి.

ప్రసారం మళ్లీ అందుకున్నాక, మాటల వెనుక వినిపించే తుపాకుల మోతను, పరిచయం లేని గొంతులు వినబడితే నమ్మవద్దని పాత్రికేయులు శ్రోతలను వేడుకున్న తీరును శ్రద్ధగా వినండి. ఎన్నిసార్లు విన్నా నన్ను కదిలించేది ఆ వేడుకోలే. వినోహ్రాడ్స్కా వీధిలోని రేడియో భవనం సైనికుల వశమయ్యాక పాత్రికేయులు రహస్య స్టూడియోల నుంచి ప్రసారాలు కొనసాగించారు గనుక, ధ్వని నాణ్యతలోని మార్పును బట్టి స్థలం మారిన చోటును ఊహించవచ్చు.

జూన్‌లో రద్దయిన సెన్సార్‌షిప్ సెప్టెంబరులో తిరిగి వచ్చింది. ఆ తర్వాతి రికార్డింగులతో వీటిని పోల్చి, ఏ మాటలు మాయమయ్యాయో చూడండి.