డెస్క్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీ బిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డెస్క్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో ఫైళ్లు దాచే డ్రైవు) బిగించడం చేతిపనిగా చూస్తే చాలా చిన్నది. నష్టం జరిగితే సాధారణంగా ఆ పనికి ముందో తరువాతో జరుగుతుంది: స్లాటుకు సరిపడని డ్రైవు కొన్నప్పుడు, ఇంకో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) తాలూకు కేబుల్ తగిలించినప్పుడు, కొత్తదనుకొని పాతదాన్ని ఫార్మాట్ చేసినప్పుడు. డ్రైవు చెడిపోతే కంపెనీ మార్చి ఇస్తుంది గానీ అందులోని పెళ్లి ఫొటోలను, జీఎస్టీ లెక్కలను తిరిగి ఇవ్వలేదు కాబట్టి, క్యాబినెట్ స్క్రూ విప్పకముందే ముఖ్యమైన ఫైళ్లను ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకొని, అక్కడి నుంచి నాలుగైదు ఫైళ్లను తెరిచి చూసుకోవాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను.

విండోస్ 11 వాడేవారు ఇంకొక పని కూడా ముందే చేయాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయిన కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే ఫైళ్లు చదవనీయని రక్షణ) మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. అటువంటప్పుడు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో, ఏదైనా సెట్టింగు మారితే, మరుసటిసారి ఆన్ చేయగానే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది కాబట్టి కంప్యూటర్ పనిచేస్తుండగానే దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది.

కొనేముందు మదర్‌బోర్డు మాన్యువల్‌లో స్టోరేజీకి సంబంధించిన పేజీని శ్రద్ధగా చదవాలి. మదర్‌బోర్డు స్లాటులో నేరుగా గుచ్చే ఎం.2 రకం డ్రైవులు చూడటానికి ఒకేలా ఉన్నా వాటిలో నెమ్మదిగా నడిచే సాటా, వేగంగా నడిచే ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. కొన్ని స్లాట్లు రెండింటినీ తీసుకుంటాయి, కొన్ని ఒకదాన్నే తీసుకుంటాయి. డ్రైవు కొలత సాధారణంగా 2280, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. చాలామందిని కంగారు పెట్టే సంగతి మరొకటి ఉంది. అనేక బోర్డులలో రెండో ఎం.2 స్లాటులో డ్రైవు పెట్టగానే ఒకటి రెండు సాటా పోర్టులు (కేబుల్‌తో డ్రైవులు తగిలించేవి) వాటంతటవే ఆగిపోతాయి. అప్పటిదాకా ఆ పోర్టుకు ఉన్న పాత హార్డ్‌డిస్కు కనిపించకపోయేసరికి అది చచ్చిపోయిందనుకుంటారు. ఏ పోర్టు ఆగుతుందో మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటుంది, కేబుల్‌ను ఇంకో పోర్టుకు మారిస్తే సరిపోతుంది.

ఎం.2 స్లాటు ఖాళీ లేకపోతే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ తీసుకోవచ్చు. సెకనుకు 550 మెగాబైట్ల దాకా వచ్చే ఆ వేగం ఫొటోలు, వీడియోలు, ఆఫీసు ఫైళ్లు దాచుకోవడానికి బాగానే సరిపోతుంది. కొనేది ఆన్‌లైన్‌లో అయినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, సీలు తీయని డబ్బా, సీరియల్ నంబరు వేసిన బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. నమ్మలేనంత చౌకగా దొరికే పేరులేని డ్రైవులలో కొన్ని, లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు చూపించి, అసలు జాగా నిండాక పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి.

కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టకుండా పూర్తిగా ఆపేయాలి. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకొని షట్‌డౌన్ నొక్కితే విండోస్ సంపూర్ణంగా ఆగుతుంది. మన ఇళ్లలో యూపీఎస్ ఉంటుంది కాబట్టి గోడ మీది స్విచ్ ఆపినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు; క్యాబినెట్ వెనుక ఉన్న పవర్ కేబుల్‌నే ఊడదీయాలి. ఆ తరువాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, మదర్‌బోర్డు మీద చిన్న లైటు ఏదైనా వెలుగుతుంటే అది ఆరిపోయేదాకా ఆగాలి. డ్రైవును పట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు వేయని లోహభాగాన్ని ముట్టుకుంటే ఒంటి మీది స్టాటిక్ విద్యుత్తు పోతుంది. తివాచీ మీద కూర్చొని ఈ పని చేయకూడదు. డ్రైవును అంచులతోనే పట్టుకోవాలి, బంగారు రంగు పిన్నులకు వేలు తగలనీయకూడదు.

రెండో స్లాటు తరచుగా గ్రాఫిక్స్ కార్డు కింద ఉంటుంది. కార్డు తీయవలసి వస్తే దాని స్క్రూలు విప్పి, స్లాటు చివర ఉన్న ప్లాస్టిక్ గొళ్లెం నొక్కాకే పైకి లాగాలి. ఎం.2 డ్రైవును దాదాపు 30 డిగ్రీల వాలుగా, పిన్నులు పూర్తిగా లోపలికి పోయేదాకా తోయాలి. వదిలేస్తే అది స్ప్రింగులా కొంచెం పైకి లేచి నిలబడుతుంది, అది సహజమే. మెల్లగా కిందికి అదిమి స్క్రూ బిగించేముందు, డ్రైవు చివర వచ్చే చోట ఇత్తడి స్టాండ్ ఉందో లేదో చూడాలి. అది లేకుండా బిగిస్తే డ్రైవు వంగి చిట్లవచ్చు. ఆ చిన్న స్క్రూ మదర్‌బోర్డు డబ్బాలో వస్తుంది, కానీ పని పడే వేళకు ఆ డబ్బా ఏ ఇంట్లోనూ దొరకదు, కనుక ముందే కొనిపెట్టుకోవాలి. బోర్డుకు హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు పలక) ఉంటే దాని లోపలి మెత్తటి ప్యాడ్ మీది ప్లాస్టిక్ పొరను ఒలిచేయాలి. డ్రైవు మీది లేబులును మాత్రం ఒలవకూడదు, ఒలిస్తే వారంటీ పోవచ్చు.

సాటా డ్రైవు బిగించేవారు అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది పవర్ కేబుల్. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో, అంటే కేబుళ్లు ఊడదీసి తగిలించే రకంలో, డ్రైవు వైపు కొన ఎక్కడైనా ఒకటే గానీ ఎస్‌ఎంపీఎస్ వైపు కొనకు ఉమ్మడి ప్రమాణమేమీ లేదు. వేరే బ్రాండు కేబులైనా, ఒక్కోసారి అదే బ్రాండులో వేరే మోడల్ కేబులైనా చక్కగా పడుతుంది, కానీ 5 వోల్టులు రావలసిన తీగలో 12 వోల్టులు రావచ్చు. అలా వస్తే కొత్త డ్రైవుతోపాటు ఆ కేబుల్ మీద ఉన్న పాత డ్రైవులన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి. స్నేహితుడి దగ్గరో, రిపేరు షాపులో డబ్బా అడుగునో దొరికిన కేబుల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

కంప్యూటర్ ఆన్ అయ్యాక కొత్త డ్రైవు "దిస్ పీసీ"లో కనిపించకపోవడం సహజం. దాన్ని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేయాలి, అంటే వాడకానికి సిద్ధం చేయాలి. డ్రైవు భాగాల పట్టికను రాసే పద్ధతులు అక్కడ రెండు కనిపిస్తాయి; వాటిలో జీపీటీని ఎంచుకోవాలి, ఎంబీఆర్ 2 టెరాబైట్లకు మించి పనిచేయదు. డిస్క్ 0, డిస్క్ 1 అనే నంబర్లను నమ్మకూడదు, డ్రైవు చేర్చాక అవి తారుమారు కావచ్చు. నల్లటి పట్టీతో, "అన్‌అలొకేటెడ్" (ఇంకా కేటాయించని జాగా) అని ఉన్నదే కొత్తది; 1 టీబీ డ్రైవు అక్కడ 931 జీబీగా కనిపిస్తుంది. పాత డ్రైవు కూడా అదే సైజుదైతే ప్రాపర్టీస్‌లో మోడల్ పేరు సరిచూసుకోవాలి. పాత డ్రైవునే ఇనిషియలైజ్ చేయమని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కి, మళ్లీ ఆపి, కేబుళ్లు చూసుకోవాలి.

కొత్త డ్రైవులోనే విండోస్ వేయదలచినవారు ఇన్‌స్టలేషన్ ముగిసేదాకా పాత డ్రైవును ఊడదీసి ఉంచాలి. లేకపోతే కంప్యూటర్‌ను లేపే బూట్ ఫైళ్లు పాతదానిలోనే చేరి, తరువాత దాన్ని తీసేసిన రోజున కంప్యూటర్ లేవదు. పాత డ్రైవును ఉన్నదున్నట్టుగా కొత్తదానిలోకి క్లోన్ చేసినవారు మొదటిసారి కొత్త డ్రైవు ఒక్కదానితోనే ఆన్ చేసి చూసుకొని, ఒకటి రెండు వారాలు సవ్యంగా నడిచాకే పాతదాన్ని తుడిచేయాలి. ఎన్‌వీఎంఈ డ్రైవులు బాగా వేడెక్కితే వేగం తగ్గించుకుంటాయి కాబట్టి, ఏప్రిల్, మే నెలల్లో పెద్ద ఫైళ్లు కాపీ అవుతుండగా డ్రైవు పరిస్థితి చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఉష్ణోగ్రత చూడాలి. 70 డిగ్రీలు దాటి అక్కడే నిలుస్తుంటే ముందుగా క్యాబినెట్ ఫ్యానుల దుమ్ము దులిపి, అప్పటికీ తగ్గకపోతే డ్రైవుకు హీట్‌సింక్ తగిలించాలి.