కుక్కల బండి మన వీధికి రావాలంటే కంప్లయింట్ ఎలా రాయాలి

కుక్క ఇప్పుడే కరిచి ఉంటే ఇది తర్వాత చదవచ్చు, ముందు కుళాయి దగ్గరికి పరిగెత్తండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు, గడియారం చూసుకుని మరీ కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మా అమ్మ ఇప్పటికీ భయపెడుతుంది గానీ ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు, గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితం, మామూలుగా 0 (అంటే మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిందంటే మాత్రం గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, కాబట్టి నేరుగా జీజీహెచ్‌కి, అంటే గవర్నమెంటు పెద్దాసుపత్రికి వెళ్లి అదే రోజు అడగండి. ఓపీ చీటీ పారేయొద్దు, ఫోటో తీసి ఉంచుకోండి. రేపు కంప్లయింట్‌కి అదే బలం.

ఇక కంప్లయింట్ సంగతి. నేను మొదటిసారి రాసింది ఇది: "మా ఏరియాలో కుక్కలు ఎక్కువయ్యాయి, తగు చర్యలు తీసుకోగలరు." ఏ వీధండీ అని అడగడానికి వాళ్లు ఫోన్ చేస్తే, నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఆఫీసులో కూర్చున్నాను. కథ అక్కడితో అయిపోయింది, తప్పు నాదే. రెండోసారి ఇలా రాశాను:

"బ్రాడీపేట 4/14, మెడికల్ షాపు పక్క సందు. ఐదు కుక్కలు. రాత్రి పది దాటాక బైకుల వెంట పడుతున్నాయి. మూడింటికి చెవి గాటు లేదు. వాటిలో తోక చివర తెల్లగా ఉన్న గోధుమరంగు కుక్క మంగళవారం సాయంత్రం ఒక పాపను కరిచింది. ఓపీ చీటీ, కుక్క ఫోటో జతచేశాను."

4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని గుంటూరులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అంత చక్కని అడ్రసు లేని పేటల వాళ్లు గుడో, ట్యాంకో, చికెన్ షాపో ఒక గుర్తు చెప్పి, లొకేషన్ కూడా పంపండి. చికెన్ షాపు వాళ్లు వ్యర్థాలు రోడ్డు మీదే పోస్తుంటే అదీ రాయండి, కుక్కలు అక్కడ చేరడానికి సగం కారణం అదే.

చెవి గాటు ఎందుకు చూడాలంటే, కు.ని. ఆపరేషన్ చేసి రేబిస్ టీకా వేసిన కుక్కకి చెవి కొంచెం కత్తిరించి వదులుతారు. గాటు లేదంటే ఆపరేషన్ కాలేదన్నమాట. ఎన్నింటికి లేదో లెక్క రాస్తే బండితో వచ్చేవాళ్లకి ఎన్ని పట్టాలో తెలుస్తుంది.

ఎవరికివ్వాలి? నా మటుకు నేను ముందు వార్డు సచివాలయానికే వెళ్లి శానిటేషన్ సెక్రటరీతో ముఖాముఖి మాట్లాడతాను, వీధి ఆయనకి తెలుసు కాబట్టి. పురమిత్ర యాప్‌లో పెట్టొచ్చు, 1100కి ఫోన్ చేయొచ్చు. పని జరగకపోతే సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. విజయవాడ వాళ్లకీ ఇదే దారి. ఎక్కడ ఇచ్చినా నంబరు తీసుకోండి, మళ్లీ అడగాలంటే అదే ఆధారం. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తండి బాబూ.

అడిగేదీ సరిగ్గా అడగాలి. "అన్నిటినీ ఊరవతల వదిలేయండి" అంటే కుదరదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేబిస్ సోకినవాటిని, బాగా మీద పడి కరిచేవాటిని మినహాయించి. మీ బాధ అలాంటి కుక్కతోనైతే ఆ ఒక్కదాన్ని విడిగా, గుర్తులతో సహా రాయండి. బడి, ఆసుపత్రి, బస్టాండు ఆవరణలో తిరిగేవాటిని అక్కడినుంచి తీసేయాలని అదే ఏడాది నవంబరు 7న మళ్లీ ఇంకో ఆదేశం ఇచ్చింది. బడి సంగతైతే హెడ్మాస్టరు చేత లెటరు రాయించండి. మందు పెట్టి చంపుదామనే పెద్దమనుషులు ప్రతి వీధిలో ఒకరుంటారు. అది నేరం, భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 325 కింద అయిదేళ్ల వరకు జైలు.

చొంగ కారుస్తూ, తూలుతూ, కనపడిందల్లా కొరుకుతున్న కుక్క కనిపిస్తే యాప్ తెరుస్తూ కూర్చోవద్దు, ఫోన్ చేయండి, పిల్లల్ని లోపలికి పిలవండి.

పెంపుడు కుక్క కరిస్తే వెళ్లాల్సింది పోలీస్ స్టేషన్‌కి. యజమాని నిర్లక్ష్యం మీద బీఎన్‌ఎస్ 291 ఉంది, ఆరు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. "మా టామీకి అన్ని టీకాలూ వేయించామండీ" అంటారు. కార్డు చూపించమనండి, చూపించినా ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు.

మా వీధికి బండి పొద్దున ఆరున్నరకి వచ్చింది. ఏ కుక్కో వాళ్లకేం తెలుసు, మెడలో బెల్టున్న ఇంటికుక్క వైపు వల తీశారు. పాలప్యాకెట్ కోసం బయటికొచ్చిన ఎదురింటి తాతగారు లుంగీ ఎగ్గట్టి ముందు నడిచి, "అది కాదు నాయనా, ఆ కారు కింద దూరింది చూడు, అదీ" అని చూపించారు. మీ వీధిలోనూ అలా ఒకరు ఉండేట్టు చూసుకోండి. ఏ రోజు ఎన్ని తీసుకెళ్లారో రాసి పెట్టుకోండి, తిరిగి వదిలినప్పుడు చెవులు చూడండి.