తుపాను వానలకు ముందే మిద్దెను సిద్ధం చేసుకోవడం

కడప ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ముసురు రోజుల తరబడి వదలదు. కనుక మరమ్మతులను దసరాలోపే ముగించుకోవాలి.

మట్టి మిద్దె అయితే, పగుళ్లలో మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పెరికి, పొడి చౌడు మట్టిని పరిచి, నీరు తూము వైపు జారేలా వాలు సరిచేయండి. వేరు మిగిలితే అది కుళ్లిన దారినే నీరు దిగి దంతెలను, అంటే దూలాల మీద పరిచిన కొయ్యలను, తడుపుతుంది. మా ఇంట్లో ఒక ఏడాది దూలం చివర వేలితో నొక్కగానే పిండిలా రాలింది. సిమెంటు మిద్దె మీద నాలుగు బిందెల నీళ్లు పోసి, ఎక్కడ నిలుస్తున్నాయో గమనించి, పిట్టగోడ మొదట్లోని పగుళ్లను పూడ్పించండి. తూములోని ఎండుటాకులు తీసేయండి.

2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఊళ్లను ముంచెత్తింది. ఏటి ఒడ్డున ఉండేవారు పాసుపుస్తకాలను, ఆధార్ కార్డులను, మందులను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి తలుపు దగ్గరే పెట్టుకోవాలి. నీరు గడప తాకకముందే మెయిన్ స్విచ్ ఆపి, పశువుల పలుపులు విప్పి, మెరకకు చేరుకోవాలి.