ఫొటోలో ఉన్నది ఏ విక్రాంతో కనిపెట్టడం ఎలా

డిసెంబర్ 4 నేవీ డే వచ్చిందంటే చాలు, 1971 యుద్ధంలో మన విమాన వాహక నౌక (క్యారియర్) విక్రాంత్ గొప్పతనం అని రాసి కింద కొచ్చిలో కట్టిన కొత్త ఓడ ఫొటో పెట్టేస్తుంటారు. ఆ పాత ఓడ మీద పనిచేసినవాళ్లు చూస్తే ఎంత బాధపడతారో కదా. పేరు ఒకటే, రాసుండే నంబర్ కూడా ఆర్11 ఒకటే, కాబట్టి నంబర్ చూసి తేల్చేద్దాం అంటే కుదరదు.

ముందు ఓడ ముక్కు చూడండి. మన ఓడే అయ్యుండి డెక్ ముందు కొస చదునుగా ఉందంటే అది పాత విక్రాంతే. బ్రిటన్‌లో హెర్క్యులిస్ పేరుతో 1943లో మొదలెట్టి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సగంలో ఆపేసిన ఓడ అది, 1957లో మనం కొని బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించి 1961 మార్చి 4న నేవీలో చేర్చుకున్నాం. విమానాన్ని ఆవిరి క్యాటపల్ట్ ఈడ్చి గాల్లోకి విసిరేది, అందుకే ముక్కు పైకి లేవాల్సిన పని లేదు. డెక్ మీద సీ హాక్ జెట్లు, ముందు ప్రొపెల్లర్ ఉన్న అలీజేలు కనిపిస్తాయి. 1971లో ఒక బాయిలర్ పగుళ్లిచ్చి ఫుల్ స్పీడ్ రాకపోయినా ఈ విమానాలతోనే అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేసింది, దీన్ని వేటాడ్డానికొచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విశాఖ దగ్గరే మునిగింది, అప్పటికి విక్రాంత్ మాత్రం అండమాన్ వైపు భద్రంగా ఉంది.

ముక్కు పైకి లేచి డెక్ మీద సీ హారియర్ జెట్లు ఉంటే పాత విక్రాంత్ గానీ విరాట్ గానీ. 80ల్లో పాత విక్రాంత్‌కీ క్యాటపల్ట్ తీసేసి స్కీ జంప్, అంటే పైకి లేచిన ముక్కు పెట్టారు. ఇక్కడ మాత్రం నంబర్ పనికొస్తుంది, ఆర్22 అంటే విరాట్, 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పోరాడిన బ్రిటన్ ఓడ హెర్మిస్సే 1987లో మన దగ్గరికొచ్చింది.

మిగ్-29కే జెట్లు కనిపిస్తే రష్యా నుంచి కొన్న విక్రమాదిత్య గానీ కొత్త విక్రాంత్ గానీ. పైనుంచి తీసిన ఫొటో అయితే విమానాల లిఫ్టులు వెతకండి, కుడి అంచున ఉంటే కొత్త విక్రాంత్, డెక్ లోపలికి ఉంటే విక్రమాదిత్య. 2022 సెప్టెంబర్ 2 కంటే ముందు తీసిన ఫొటోలో నేవీ జెండాతో కొత్త విక్రాంత్ ఉండే ఛాన్సే లేదు.

విశాఖ తీరంలో రెండు క్యారియర్లు కనిపిస్తే, అందులో ఒకటి బాగా చిన్నగా ఆర్22తో ఉంటే 2016లో జరిగిన నౌకల పరేడ్ ఫ్లీట్ రివ్యూ, రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే 2024లో పలు దేశాల నేవీలు కలిసి చేసిన విన్యాసాలు మిలన్ అయ్యుంటుంది.