వానలు పడకముందే నిల్వ సరుకు సంగతి చూసుకోవాలి

వానాకాలంలో నిల్వ సరుకు పాడైనప్పుడు చాలామంది తప్పంతా పైకప్పు మీద వేస్తారు. కారే కప్పు కంటికి కనిపిస్తుంది కనుక ఎవరో ఒకరు దాన్ని బాగు చేయిస్తారు. నేల నుంచి పైకి పాకే చెమ్మ, గాలిలోని తేమ, సరుకులోనే దాగి ఉన్న నెమ్ము మాత్రం ఎవరి కంటా పడవు. పైగా ఇవి ఒక్కో సరుకు మీద ఒక్కో విధంగా పనిచేస్తాయి కనుక, గింజలకు సరిపోయిన జాగ్రత్త ఎరువులకు సరిపోదు, సిమెంటుకు అసలే పనికిరాదు.

వానలకు రెండు మూడు వారాల ముందే గదిని ఒకసారి పూర్తిగా ఖాళీ చేయడం మంచిది. నేలలో చెమ్మ ఉన్నదీ లేనిదీ తేల్చుకోవడానికి మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నేలపై పరిచి, నాలుగు అంచులనూ గాలి దూరకుండా టేపుతో అతికించి, ఒక రాత్రీ పగలూ వదిలేయాలి. తీసి చూసినప్పుడు దాని అడుగున నీటి చుక్కలు ఉన్నా, కింది నేల రంగు ముదిరినా, ఆ గదిలో ఏ బస్తానూ నేరుగా నేలకు ఆనించి పెట్టకూడదు. చెక్క పలకలు వేసి, గోడకు అడుగు దూరం వదిలి పేర్చుకుంటే గాలి ఆడుతుంది, ఎలుకల జాడ కూడా తెలుస్తుంది. పెన్సిలు పట్టేంత రంధ్రంలోంచి చిట్టెలుక దూరగలదు కాబట్టి, అలాంటివాటిని ఇనుప పీచు కుక్కి సిమెంటుతో మూసేయాలి.

ఎక్కువ శ్రద్ధ కోరేవి గింజలు. ధాన్యంలో తేమ 14 శాతం దాటితే కొన్ని నెలల నిల్వకు కూడా పనికిరాదు. ఏడాది పాటు ఉంచాలంటే 12 శాతానికి దగ్గరగా ఆరాలి. తేమ కొలిచే మీటరు లేనివారికి ఉప్పు పరీక్ష ఉంది. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు వరకు గింజలు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి రెండు నిమిషాలు కుదిపి, పావుగంట కదపకుండా ఉంచాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉందని, ఆ గింజలను మళ్లీ ఎండబెట్టాలని అర్థం. ఉప్పు అడుగుకు రాలిపోతే తేమ అంతకన్నా తక్కువని తెలుస్తుందే తప్ప 12 శాతానికి దిగిందని తెలియదు కనుక, ఏడాది నిల్వకు మరో ఎండ వేయడమే నయం.

ఎండబెట్టిన గింజలు చల్లారకముందే మూత పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఒక ఏడాది నేనూ అదే చేశాను. సాయంత్రం ఇంకా వెచ్చగా ఉన్న పప్పుగింజలను డ్రమ్ములో పోసి మూత బిగించాను. మూడు వారాల తర్వాత తెరిస్తే మూత లోపలి వైపు ముత్యాల్లా నీటి చుక్కలు, పైన నాలుగు వేళ్ల మందాన బూజు. బూజు పట్టిన గింజలను కడిగో వేయించో వాడుకోవచ్చని అనుకోవడం ప్రమాదం; కొన్ని రకాల బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం మామూలు వంట వేడికి పోదు. పాత గింజల మీద కొత్తవి పోయకపోవడం, ఖాళీ గోతాలను దులిపి ఎండలో వేయడం కూడా అవసరం, ఎందుకంటే పురుగు చాలాసార్లు వచ్చేది వాటి కుట్ల నుంచే. పప్పుగింజలను పట్టే పుచ్చు పురుగు మాత్రం పొలంలోనే కాయ మీద గుడ్లు పెట్టి, సరుకుతోపాటే లోపలికి వస్తుంది.

పురుగు పట్టిందని అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లో వాడటం ప్రాణాంతకం. అవి గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువును వదులుతాయి. దానికి విరుగుడు లేదు, అది సందుల్లోంచి పక్క గదికి కూడా పాకుతుంది, వాసన వస్తే తప్పుకోవచ్చునన్న నమ్మకం కూడా పెట్టుకోకూడదు. మనుషులు ఉండే చోట దాన్ని వాడకూడదు; మిగిలిన చోట్ల కూడా ఆ పని శిక్షణ పొందినవారే చేయాలి.

ఎరువుల విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద యూరియా గాలిలో తేమ సుమారు 73 శాతం దాటినప్పుడు, అమ్మోనియం నైట్రేట్ 59 శాతం దాటినప్పుడు నీటిని పీల్చుకోవడం మొదలుపెడతాయి. ఆ రెండూ కలిస్తే 18 శాతం తేమకే నీరు కారతాయి, అంటే ఎంత పొడి వాతావరణంలోనైనా ముద్ద కావలసిందే. అందుకే చిరిగిన బస్తాల్లోంచి రాలినవాటిని ఊడ్చి ఒకే గోతంలో నింపకూడదు. బ్లీచింగ్ పౌడరును యాసిడ్లకు, నూనెలకు, ఇంధనాలకు దూరంగా, పొడిచోట వేరుగా ఉంచాలి. కాల్చిన సున్నపు రాళ్లపై నీళ్లు పడితే పక్కనున్న కాగితం, గడ్డి అంటుకునేంత వేడి పుడుతుంది కనుక, కప్పు కారే అవకాశం ఏమాత్రం ఉన్నా వాటిని అక్కడ ఉంచకూడదు.

సిమెంటును దాచడం కన్నా వాడేయడం తెలివైన పని. ఎంత బాగా కప్పినా మూడు నెలలు దాటితే దాని బలం గణనీయంగా తగ్గుతుంది. వానాకాలమంతా పని ఆగేటట్లయితే ముందే తక్కువ తెప్పించుకోవాలి. మిగిలిన బస్తాలను పదికి మించని ఎత్తులో, మధ్యలో సందు లేకుండా దగ్గర దగ్గరగా పేర్చి, అన్ని వైపులా పాలిథీన్ కప్పాలి. గింజలకు గాలి ఆడాలి, సిమెంటుకు ఆడకూడదు. వేళ్లతో నలిపినా నలగని గడ్డలున్న బస్తాను స్తంభాలకూ కప్పులకూ వాడకూడదు.

మందులు, కాగితాల గురించి చెప్పవలసింది తక్కువే. మాత్రలను వాటి స్ట్రిప్పుల్లోనే ఉంచాలి, స్నానాలగదిలో ఉంచకూడదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకట్టినదాన్ని కరిగించి వాడకూడదు కనుక, ఫ్రిజ్‌లో మంచు పేరుకునే గదికి ఆనించకూడదు. దస్తావేజులను మూత ఉన్న పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పెట్టెను అటక మీద కాకుండా మధ్య అరలో పెట్టుకోవాలి.

వానలు మొదలయ్యాక గదిని రోజూ తెరవాలన్న అలవాటు ఒకటి ఉంది. ముసురు పట్టిన రోజున తలుపు తెరిస్తే బయటి తేమను లోపలికి పిలిచినట్టే. వాన వెలిసి, ఎండ కాసి, గాలి పొడిగా ఉన్న వేళే తెరవాలి. ప్రతి బస్తా మీద వచ్చిన తేదీ సుద్దముక్కతో రాసి, ముందు వచ్చినదాన్నే ముందు తీయాలి. వారానికొకసారి గింజల బస్తాల్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడాలి. లోపల వేడిగా తగిలితే ఆ బస్తాను అదే రోజు బయటకు తీసి, పలుచగా పరిచి ఆరబెట్టాలి.