బాదం ఆకు వేశాక ట్యాంకులో వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

ఎండిన నాటు బాదం ఆకులు నీళ్లలో వేసి ఫైటర్ చేపల్ని పెంచడం థాయ్‌లాండ్‌లో పాత అలవాటు. ఆకులోని టానిన్లు (టీ వగరుకు కారణమైనలాంటివి), హ్యూమిక్ పదార్థాలు (ఆకు కుళ్లితే వచ్చేవి) దిగి నీళ్లకు డికాక్షన్ రంగు వస్తుంది. బ్రెజిల్‌లో రియో నెగ్రో నది నీళ్లు సహజంగానే ఈ రంగులో ఉంటాయి, కార్డినల్ టెట్రాలనే చిన్న చేపలు పుట్టి పెరిగేది అలాంటి నీళ్లలోనే. మన వీధుల్లో నాటు బాదం చెట్లకు కొదవ లేదు కాబట్టి పైసా ఖర్చు లేకుండా ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆకు వేయడమంటే ట్యాంకులోకి కుళ్లే సరుకు వేయడమే. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. అన్నిటికన్నా అర్జెంటుగా చూసుకోవాల్సినదాన్ని ముందు చెబుతాను.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి

ఆకులు వేసిన రెండు మూడు రోజులకు, ముఖ్యంగా తెల్లవారుజామున ఇలా కనిపిస్తే ఆక్సిజన్ తగ్గిందని అర్థం. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కేసరికి ఉన్నదే తక్కువ, అందులో ఆకుల మీద చేరిన బ్యాక్టీరియా వాటా తీసుకుంటుంది. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ ఇవ్వవు, పైగా వాడుకుంటాయి. అందుకే తెల్లారేసరికి పరిస్థితి ముదురుతుంది.

వెంటనే ఆకులన్నీ తీసేయండి. ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపుకు తగిలించే బుడగల రాయి) పెట్టండి, లేదా ఫిల్టర్ నీళ్లు పైనుంచి ధారగా పడేలా తిప్పండి. మూడో వంతు నీళ్లు మార్చండి. కొత్త నీళ్లు అదే వేడిమిలో ఉండాలి, మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ కలపాలి. ఆ రోజుకు మేత వద్దు. కరెంటు కోతలుండే ఊళ్లలో బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోకుండా ఆకుల జోలికి వెళ్లొద్దని నా సలహా.

ఫైటర్ చేప విషయంలో ఒక చిక్కుంది. అది పైకొచ్చి గాలి పీల్చడం మామూలే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా అది నెట్టుకొస్తుంది కాబట్టి దాన్ని చూసి ట్యాంకు బాగుందనుకోవద్దు. అదే ట్యాంకులోని టెట్రాలను, రొయ్యలను చూడండి.

ఆకు వేసిన గంటలోపే చేపలు గిలగిల్లాడితే మాత్రం అది కుళ్లు వల్ల కాదు. ఆకు మీద పురుగుమందో, ఇంకేదైనా మందో ఉండొచ్చు. ఆకు తీసేసి, సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో కొత్త కార్బన్ (మందులు, రంగులు పీల్చే బొగ్గు) వేయండి.

నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి

ఆకు నుంచి దిగిన చక్కెరలు తిని బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. సరిగా ఎండని ఆకు వేస్తే ఇది దాదాపు ఖాయం. చెట్టు మీంచి పచ్చిగా తెంపి ఎండబెట్టిన ఆకులో రసం మిగిలే ఉంటుంది. దానంతట అదే ఎర్రబడి రాలిన ఆకును చెట్టు ముందే చాలావరకు ఖాళీ చేసి వదులుతుంది.

సగం ఆకులు తీసేయండి, గాలి పెంచండి, మేత తగ్గించండి. కొద్ది రోజుల్లో దానంతట అదే తేరుకుంటుంది. కంగారులో ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. క్లోరిన్ తగిలి అందులోని మంచి బ్యాక్టీరియా చస్తే, చేపల వ్యర్థం నుంచి పుట్టే అమోనియా అనే విషం తలనొప్పి మొదలవుతుంది.

ఆకు మీద తెల్లటి జిగురు పట్టింది

ఎక్కువమంది భయపడేది దీనికే, నిజానికి అక్కర్లేదు. వేలితో తాకితే జారుడుగా, దూదిపోగుల్లా ఊగుతూ కనిపించే ఆ పొర బ్యాక్టీరియా, శిలీంధ్రాలు కలిసి కట్టుకున్నది. చెర్రీ రొయ్యలు ముందుకాళ్లతో దాన్ని గిల్లి గిల్లి నోట్లో పెట్టుకోవడం దగ్గర నుంచి చూడండి, అది వాటికి ఎంత ఇష్టమైన తిండో తెలుస్తుంది. చేపపిల్లలూ అక్కడే చేరతాయి. దీనికోసం ఉప్పు, మిథిలీన్ బ్లూ, ఇంకే మందూ పోయొద్దు. చూడలేకపోతే ట్యాంకు నీళ్లలోనే ఆకును తుడిచి మళ్లీ పెట్టండి. తెల్లపొర ఆకు దాటి చేప ఒంటి మీద కనిపిస్తే అది వేరే జబ్బు, వేరుగా చూడాలి.

రంగు వచ్చింది, పీహెచ్ మాత్రం కదల్లేదు

ఆకు వేస్తే పీహెచ్ (నీళ్ల ఆమ్లత్వం చెప్పే అంకె, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) దిగుతుందని చూసే బోరు నీళ్లవాళ్ల ఫిర్యాదు ఇది. బోరు నీళ్లలో సాధారణంగా బైకార్బొనేట్ అనే లవణం దండిగా ఉంటుంది. ఆకు నుంచి వచ్చే కొద్దిపాటి ఆమ్లాన్ని అది ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. దీన్ని కొలిచేదే కేహెచ్. ఇంట్లో ఆర్వో కోసం కొన్న టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తం చెబుతుందే తప్ప అందులో కేహెచ్ ఎంతో చెప్పదు, కాబట్టి కేహెచ్ చుక్కల కిట్ విడిగా కొనుక్కోవాలి.

ఇంకో దొంగ ట్యాంకు అడుగునే ఉండొచ్చు. షాపుల్లో అమ్మే తెల్ల గులకరాళ్లు తరచూ పాలరాయి ముక్కలే. ఒక రాయి తీసి, తుడిచి, దాని మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. నురగో, సన్నటి బుడగలో వస్తే ఆ రాయి నీళ్లలోకి సున్నం వదులుతోందని అర్థం. అలాంటి రాళ్లుండగా ఎన్ని ఆకులు వేసినా దండగే.

పీహెచ్ దించాలని ఆకులు కుప్పగా పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పీహెచ్ దిగదు, ఆక్సిజన్ మాత్రం దిగిపోతుంది. రాళ్లు మార్చి, బోరు నీళ్లలో ఆర్వో నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ వారాల మీద కేహెచ్ తగ్గించండి. అసలు తగ్గించాలా అన్నది కూడా ఆలోచించండి. గప్పీలు, మోలీలు లాంటి చేపలు గట్టి నీళ్లలోనే (లవణాలు ఎక్కువున్న నీళ్లలోనే) హాయిగా ఉంటాయి. వాటి ట్యాంకులో ఆకు దాక్కునే చోటుగా పనికొస్తే చాలు.

పీహెచ్ ఒక్కసారిగా పడిపోయింది

పైదానికి ఇది తిరగబడ్డ కేసు. పూర్తిగా ఆర్వో నీళ్లే పోసినచోట కేహెచ్ దాదాపు ఉండదు, ఆమ్లాన్ని ఆపేవాడు లేడు. పీహెచ్ 6 కన్నా దిగితే ఫిల్టర్ బ్యాక్టీరియా మందగిస్తుంది. చేపల వ్యర్థం అమోనియంగా పేరుకుంటుంది. ఆ పీహెచ్‌లో అమోనియం పెద్దగా హాని చేయదు. కానీ పీహెచ్‌ను గభాలున పెంచితే అందులో కొంత విషపు అమోనియాగా మారి చేపల్ని చంపుతుంది.

కాబట్టి ముందు అమోనియా టెస్ట్ చేయండి. రోజుకు పదో వంతు చొప్పున నీళ్లు మార్చి దాన్ని తగ్గించండి. ఆ తర్వాతే కేహెచ్ పెంచండి. 50 లీటర్లకు ఒక టీస్పూను, అంటే సుమారు 6 గ్రాముల వంటసోడా కేహెచ్‌ను 4 డిగ్రీలు (కిట్‌లో కేహెచ్ కొలిచే డిగ్రీలు, వేడివి కావు) పెంచుతుంది. దాన్ని నాలుగైదు రోజుల మీద, చిటికెడు చిటికెడుగా నీళ్లలో కరిగించి పోయాలి.

నత్తల చిప్పలు తెల్లగా అరిగి గుంటలు పడుతుంటే కూడా నీళ్లు మరీ మెత్తగా, ఆమ్లంగా ఉన్నాయని అనుమానించండి. ఫిల్టర్‌లో కోరల్ ముక్కలు గుప్పెడు వేస్తే సర్దుకుంటుంది.

రంగు రావట్లేదు

ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే అది టానిన్లను పీల్చేస్తుంది, తీసేయండి. లేదంటే ఆకు వానలో నానీ నానీ సారం పోగొట్టుకుని ఉంటుంది. రంగు మరీ ఎక్కువై మొక్కలకు వెలుతురు అందకపోతే ఇదే కార్బన్ తిరిగి పెట్టండి.

ఆకు తేలుతోంది

రెండు రోజులు నానబెడితే మునుగుతుంది. తొందరైతే పది నిమిషాలు మరిగించండి, కాకపోతే రంగు కొంత అందులోనే పోతుంది.

ఆకు ఎత్తితే కుళ్లిన కోడిగుడ్డు వాసన

ఆకులు ఒకదాని మీద ఒకటి అట్టకట్టి కింద ఇసుకకు గాలి ఆడలేదు. ఆకు లేపగానే బుడగలు, కింద నల్లటి మచ్చ కనిపిస్తాయి. అది హైడ్రోజన్ సల్ఫైడ్, చేపలకు విషం. అంతా ఒకేసారి కలియబెట్టొద్దు. ఎయిర్ పంపు నడుస్తుండగా, రోజుకు కొంత భాగం చొప్పున ఆకులు నెమ్మదిగా తీసి, పైపుతో ఆ మురికిని బయటికి లాగేయండి. ఇకమీదట ఒక పొర మించి పరవొద్దు.

ఏ ఆకు, ఎంత

బాదం, జామ, పనస, చెట్టునే ఎండిన అరటి ఆకు బాగా పనికొస్తాయి. వేప, నీలగిరి, గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త అస్సలు వద్దు. పొలం గట్ల మీదివి, వాహనాలు తిరిగే రోడ్డు పక్కవి, దోమల మందు కొట్టే చోటివి తేవొద్దు. కడిగి, నీడలో పెళపెళలాడేదాకా ఆరబెట్టండి. 20 లీటర్ల ట్యాంకుకు సగం ఆకుతో మొదలుపెట్టి, వారం చూసి మిగతా సగం వేయండి. ఆకు జల్లెడలా మారి ముక్కలు రాలుతుంటే ఫిల్టర్ నోటికి అడ్డం పడకముందే తీసేయండి. రొయ్యలుంటే ఈనెలు మిగిలేదాకా ఉంచొచ్చు.

ఆకు వేసినా రెక్కలు చిరుగుతూనే ఉన్నాయి

బాదం ఆకు సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్ల మాట నమ్మి చేపను పోగొట్టుకోకండి. టానిన్లు కొంత సాయం చేయొచ్చు, అంతవరకే. రెక్కలు కుళ్లడానికి తరచూ కారణం మురికి నీళ్లే. అమోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం సున్నా ఉన్నాయో లేదో చూసి, నీళ్లు మార్చడం పెంచండి. అయినా చిరుగు రోజురోజుకూ ఒంటి వైపు జరుగుతుంటే చేపను వేరే ట్యాంకులోకి మార్చి మందు మొదలుపెట్టండి. ఆ ట్యాంకు ఫిల్టర్‌లో కార్బన్ లేకుండా చూసుకోండి, ఉంటే వేసిన మందును అదే పీల్చేస్తుంది.