ఇంట్లో కట్టిన విమానానికి వానాకాలం జాగ్రత్తలు, బీమా
బరంపురం ఉప్పుగాలికి అల్యూమినియం రేకు కూడా తెల్లబూజు పడుతుంది తమ్ముడూ. రేకుల్ని కలిపి బిగించే రివెట్ల చుట్టూ నల్లటి చార కనిపిస్తే ఆ రివెట్టు వదులైందేమో చూడు. ఎగిరే ముందు ట్యాంకు అడుగునుంచి గాజు సీసాలోకి కాస్త పెట్రోలు దించి వెలుతురుకి పట్టు. నీరుంటే అడుగున విడిగా చేరుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీలుస్తుంది, వానలన్నాళ్లూ ట్యాంకులో ఉంచకు. రోటాక్స్ 912 ఇంజనైతే దాని రబ్బరు గొట్టాలు పైకి నిగనిగలాడుతున్నా 5 ఏళ్లకు మార్చాల్సిందే.

బీమా సంగతి: ఎగరని నెలలకి నేలమీది నష్టం వరకే కవరు ఇస్తారేమో అడుగు, ప్రీమియం తగ్గొచ్చు. ఇంజను, ప్రొపెల్లర్ బిల్లులు జతచెయ్యి. నీ చెమటకి బిల్లెవడిస్తాడు? అందుకే విమానం విలువ బీమా కంపెనీతో ముందే ఒప్పించి పాలసీలో రాయించు. ఎగిరిన గంటలు, మరమ్మతులు రాసే లాగ్‌బుక్కులో ఖాళీలుంటే క్లెయిము దగ్గర పేచీ తప్పదు.